ఆంధ్ర తెలంగాణ శబ్దములు: యోగము, రూఢి, వాదము

శబ్దమునకు అర్థమునకు గల సంబంధమును గూర్చి మీమాంసకులకును నైయాయికులకును గల వివాదము ప్రాచ్యవిద్యాభ్యాసము చేసిన వారందరు ఎరిగినదే. ఆ సంబంధము స్వభావసిద్ధమని మీమాంసకులు, సంకేతకృతమని నైయాయికులు చెప్పినారు. గోశబ్దము, ఘటశబ్దము విషయములో ఈ వివాదము ఎట్లు తీరినను, ఒక జనసమూహమునకు వచ్చిన పేరు విషయములో సంకేతపక్షమునే అంగీకరింపవలసి యుండును. అట్టి పేరు ఏ కాలమున పుట్టినది, ఎవరు పెట్టినారు, ఎందుకు పెట్టినారు అనునవి పెక్కు సందర్భములలో చరిత్రకు తెలిసినవే. పైగా ఘటమునకు తన పేరుతో పని లేదు. మనుష్యునకు ఉన్నది. తన పేరు విని అతడు సంతోషించును, నొచ్చుకొనును, సభలు చేయును, రాష్ట్రము కోరును. కావున సంకేతము చేయు అధికారము ఎవరిదను ప్రశ్న ఇచ్చట తప్పనిసరి. పేరు పెట్టినవారిదా? పేరు మోయుచున్నవారిదా? తెలుగునాట గడచిన నూరేండ్ల రాజకీయచర్చలో ఈ ప్రశ్న పలుమారులు తలయెత్తినది. దానికి వేదికలపై వచ్చిన సమాధానములలో శాస్త్రదృష్టి తక్కువ, ఆవేశము ఎక్కువ.

ఈ ప్రశ్నను పరిశీలించుటకు బాన్సువాడ ప్రాంతము తగిన స్థలము. 1923లో ఆరంభమైన నిజాంసాగర నిర్మాణము 1931 నాటికి పూర్తియై మంజీరానదీజలములను ఈ పొలములకు తెచ్చినది. ఆ నీటివెంట కృష్ణా గుంటూరు మండలముల నుండి రైతుకుటుంబములు వచ్చి భూములు కొని వర్ని, రుద్రూరు, కోటగిరి, బాన్సువాడ పరిసరములలో స్థిరపడినవి. వారి నివాసములలో పెక్కింటికి నేటికిని క్యాంపులనియే పేరు. పడమట బిచ్కుంద, జుక్కల్, మద్నూరు వైపు పోయినకొలది మరాఠీ కన్నడములు చెవిని పడును. బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు 1956 వరకు నాందేడు జిల్లా దెగ్లూరు తాలూకాలోనివి. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణతో అవి నిజామాబాదు జిల్లాలో చేరినవి. బాన్సువాడ తానును 2016 అక్టోబరు 11 వరకు నిజామాబాదు జిల్లాలో ఉండి, ఆ దినమున కామారెడ్డి జిల్లాలోనికి వచ్చినది. అంగడిలో తెలుగుతోపాటు ఉర్దూ నిత్యవ్యవహారము. ఇట్టిచోట మనుష్యుడు కదలకున్నను అతని చుట్టునున్న పేర్లు కదలుచుండును.

క్యాంపులో పుట్టిన మూడవతరము వానిని ఉదాహరణముగా గైకొనవచ్చును. అతని తాత గుంటూరు సీమవాడు. తండ్రి, తాను ఈ మంజీర నీటితో పెరిగినవారే. అయినను ఇరుగుపొరుగు గ్రామములలో అతడు ఆంధ్రవాడు. బంధువుల ఇంట పెండ్లికి గుంటూరు పోయినప్పుడు అచ్చటివారికి అతడు తెలంగాణవాడు. పత్రికలలో సెటిలరు. దరఖాస్తు పత్రములో స్థానికుడు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటియు అతడు తనకు తాను పెట్టుకొన్న పేరు కాదు. ఒక మనుష్యునకు సంభవించిన ఈ స్థితియే కొంచెము పెద్ద ప్రమాణములో తెలుగుజాతి మొత్తమునకు ఆదినుండి సంభవించినది.

ఆంధ్రశబ్దము మొదట కనబడునది ఐతరేయ బ్రాహ్మణములో. శునశ్శేపుని జ్యేష్ఠత్వము నంగీకరింపని విశ్వామిత్రపుత్రులు శాపగ్రస్తులైరనియు, ఆంధ్ర, పుండ్ర, శబర, పుళింద, మూతిబులు వారి సంతతియనియు, వారు దేశపు అంచులలో నుండు దస్యుప్రాయులనియు అచ్చట చెప్పబడినది. ఆ వాక్యమును చెప్పినవాడు ఆంధ్రుడు కాడు. దూరమున నుండి, తన యజ్ఞభూమిని కేంద్రముగా భావించి, అంచున నున్నవారిని చూచినవాడు. తరువాత అశోకుని పదమూడవ శిలాశాసనములో ఆంధ్రులు పేర్కొనబడినారు. అదియును పాటలీపుత్రము నుండి చూచిన చూపే. పురాణములు ఆంధ్రులనియు ఆంధ్రభృత్యులనియు లెక్కించిన రాజులు తమ శాసనములలో తమను శాతవాహనులని చెప్పుకొన్నారే గాని ఆంధ్రులని చెప్పుకొనలేదు. అనగా తెలుగువారు మిక్కిలి గౌరవముతో చెప్పుకొను ఈ ప్రాచీననామము వేరొకరి నోట పుట్టి, వేరొకరి గ్రంథములలో పెరిగి, కాలక్రమమున ఈ దేశమునకు చేరినది.

చేరిన పిమ్మట ఏమైనది? ఇచ్చటనే విషయమున్నది. పదునొకండవ శతాబ్దిలో నన్నయ తన భాషను తెనుగన్నాడు. పదుమూడవ శతాబ్దిలో కేతన ఆ భాషకే వ్యాకరణము వ్రాసి దానికి ఆంధ్రభాషాభూషణమని పేరు పెట్టినాడు. అప్పటికి ఆంధ్రశబ్దము శాపకథను విడిచి ఒక భాషకు, దానిని పలుకువారికి గౌరవవాచకమైనది. ఓరుగల్లు రాజధానిగా ఏలిన కాకతీయుల భూమిని సంస్కృతకవులు ఆంధ్రమనియు త్రిలింగమనియు వ్యవహరించినారు. విద్యానాథుడు ప్రతాపరుద్రీయములో త్రిలింగశబ్దమును శ్రీశైల, కాళేశ్వర, దాక్షారామ క్షేత్రములతో ముడిపెట్టినాడు. ఆ నిరుక్తి భాషాశాస్త్రమునకు నిలుచునా నిలువదా అనునది వేరు చర్చ. దేశపు మూడు దిక్కులందలి మూడు పుణ్యక్షేత్రములను ఒక పేరులో కూర్చి, పేరు వినగానే దేశము కన్నులకు గట్టునట్లు చేయుటయే దాని ప్రయోజనము. ఢిల్లీ చరిత్రకారులు అదే దేశమును తిలంగ్ అన్నారు. ఆ పలుకుబడి ప్రజల నోటను, సర్కారు దస్త్రములలోను నలిగి తెలంగాణగా స్థిరపడినది.

ఇతరులు పెట్టిన పేర్లు ఇంతటితో ముగియలేదు. తమిళులకు తెలుగువారు వడుగులు, అనగా ఉత్తరపువారు. పోర్చుగీసువారు అన్యమతస్థులను ఉద్దేశించి వాడిన మాట నుండి ఇంగ్లీషువారు జెంటూ అను పేరు చేసి, చెన్నపట్టణమున తెలుగుభాషకు చాలకాలము వాడినారు. కుంఫిణీ సైన్యములో తెలుగు సిపాయిలు మొదట చేరిన కారణమున హిందూస్థానములో ఏ ప్రాంతపు సిపాయినైనను తిలంగా అనిరి. 1857 నాటికి ఆ మాటకు సైనికుడనియే అర్థము. కోరంగి రేవు నుండి ఓడ లెక్కినందున బర్మాలో తెలుగు కూలీలు కోరంగీలైరి. మలయాదేశమున కళింగశబ్దము క్లింగ్ అయి దక్షిణభారతీయులందరికి తగిలి, క్రమముగా తిట్టుగా మారినది. ఒకే జాతిని ఒకరు దిక్కును బట్టియు, ఒకరు మతమును బట్టియు, ఒకరు ఉద్యోగమును బట్టియు, ఒకరు రేవును బట్టియు గుర్తించినారు. చూచినవానికి ఏది అవసరమో అదియే పేరైనది.

పరుల పేరు ధరించుట తెలుగువారికి మాత్రమే కలిగిన విశేషము కాదు. సింధునదిని బట్టి పారసీకులు పలికిన హిందూశబ్దము నేడు కోట్లమందికి స్వనామము. బ్రిటను ద్వీపమున వేల్సు అను పేరునకు మూలార్థము పరాయివారని. దానిని పెట్టినవారు తరువాత వచ్చిన ఆంగ్లజాతులు. అచ్చటివారు తమ భాషలో తమను కమ్రీ అని, ఒక దేశపువారమను అర్థమున చెప్పుకొందురు. అయినను వేల్సు అను పేరుతోనే వారు తమ హక్కులు కోరినారు, శాసనసభ పొందినారు. పరులు పెట్టినంత మాత్రమున పేరు అవమానకరము కాదు. ధరించినవారు దానిలో ఏమి నింపినారో, దాని నెట్లు వాడినారో అదియే దాని విలువను నిర్ణయించును.

యోగము కంటె రూఢి బలీయమని శాస్త్రజ్ఞుల నిర్ణయము. కుశలశబ్దమునకు దర్భలు కోయువాడని యోగార్థము. నేర్పరియని రూఢి. ప్రవీణశబ్దమునకు వీణయందు నేర్పుగలవాడని యోగము. ఏ పనియందైనను నేర్పుగలవాడని రూఢి. భాషాప్రవీణ పట్టము పొందినవారిని వీణ వాయింపుమని ఎవరును అడుగరు. ఈ చిన్న న్యాయమును తరగతిలో ప్రతిసంవత్సరము బోధించు పండితులు, జాతినామముల చర్చ వచ్చునప్పటికి దానిని మరచి మూలార్థమునే ప్రమాణముగా చూపుట తరచుగా జరుగుచున్నది. దీనివలన కలిగిన నష్టము ఆంధ్ర తెలంగాణ శబ్దముల ఆధునికచరిత్రలో స్పష్టముగా కనబడును.

ఇరువదవ శతాబ్ది మొదటి సగములో ఆంధ్రశబ్దమును తెలంగాణమువారు ఎంత ప్రీతితో వాడినారో ఆనాటి సంస్థల పేర్లే చెప్పును. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము ఏర్పడినది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని ప్రాంగణమున జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున ప్రసంగింపబోగా సభలోని కొందరు గేలిచేసి అడ్డుకొన్నారు. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీలు సాగిన వేదికపై తెలుగు సాగలేదు. ఆ అవమానము నుండి పుట్టిన సంస్థకు పెట్టిన పేరు ఆంధ్రజనసంఘము. 1930లో మెదకు మండలపు జోగిపేటలో నిజాంరాష్ట్ర ఆంధ్రమహాసభ మొదటి సమావేశము సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగినది. 1937లో ఆరవ సభకు నిజామాబాదు వేదికయైనది. బాన్సువాడ ప్రాంతమునకు ఆంధ్రమహాసభ తన జిల్లాకేంద్రమున జరిగిన సొంత సభ, బయటివారు తెచ్చినది కాదు.

ఇదే కాలమున నైజాము రాష్ట్రములో తెలుగుకవులు పూజ్యమను వ్యాఖ్య ఒకటి వచ్చినది. పూజ్యమనగా గౌరవింపదగినదనియు, సున్నయనియు రెండర్థములు. వ్యాఖ్యాత ఉద్దేశము రెండవది. దానికి ప్రతాపరెడ్డి ఇచ్చిన ఉత్తరము వాగ్వాదము కాదు. 1934లో 354 మంది కవుల పద్యములను, పరిచయములను కూర్చి గోలకొండ కవుల సంచికను ప్రకటించినాడు. వ్యాఖ్యాత వాడిన శబ్దమును మార్పకయే దాని అర్థమును మార్చివేసినాడు. బయటివారి అభిప్రాయమును ఎదుర్కొనుటకు పండితుడు చేయగల పని ఇది. అంతకంటె మంచి ఉదాహరణము తెలుగు సారస్వతచరిత్రలో దొరకుట కష్టము.

మాడపాటి హనుమంతరావు ఈ ఉద్యమచరిత్రను వ్రాసి దానికి తెలంగాణా ఆంధ్రోద్యమము అని పేరు పెట్టినాడు. ఈ రెండు శబ్దములు ప్రక్కప్రక్కన నిలుచుట ఆనాటి పాఠకునకు సహజముగా తోచినది. తెలంగాణ దేశమును, ఆంధ్ర భాషను, ఆ భాష పలుకు ప్రజను చెప్పినవి. రెంటికిని విరోధము లేదు. 1946 తరువాత నల్లగొండ, వరంగల్లు గ్రామములలో దొరలను ఎదిరించిన రైతుకూలీలు సంగమని పిలుచుకొన్నది ఈ ఆంధ్రమహాసభనే. అరువదేండ్లు గడచిన పిమ్మట, 2010 ప్రాంతమున, ఆ గ్రంథనామమును చదివిన యువకునకు అది వ్యాఘాతదోషముగా కనబడియుండును. గ్రంథనామము మారలేదు. శబ్దార్థము మారినది. ఎప్పుడు మారినది, ఎందుకు మారినది?

మొదటి మలుపు 1953 అక్టోబరు 1. ఆ దినమున మద్రాసు రాష్ట్రము నుండి విడిపోయిన తెలుగు జిల్లాలతో కర్నూలు రాజధానిగా ఏర్పడిన రాష్ట్రమునకు ఆంధ్రరాష్ట్రమని పేరు. తెలంగాణము అప్పటికి హైదరాబాదు రాష్ట్రములోనే ఉన్నది. అంతవరకు భాషావాచకమైన శబ్దము ఆనాటి నుండి సరిహద్దులు గల ఒక భూభాగమునకు రాజకీయనామమైనది. ఆ సరిహద్దులలో బాన్సువాడ లేదు, ఓరుగల్లు లేదు. మృగశబ్దము మొదట అడవిజంతువులన్నిటిని చెప్పి తరువాత లేడి యందు నిలిచినట్లు, సామాన్యవాచకము విశేషవాచకమైనది. దీనికి ఎవరి దురుద్దేశమును కారణముగా చెప్పనక్కరలేదు. రాజకీయ పటము గీసినచో పేరు ఆ గీతలో ఒదిగిపోవును.

1952లో ముల్కీ ఉద్యమము సాగినప్పుడు బయటి ఉద్యోగులను గూర్చిన ఫిర్యాదు నాన్‌ముల్కీ అను శబ్దములో వెలువడినది. ముల్కు అనగా దేశము. హైదరాబాదు ముల్కీ నియమములు పదునైదేండ్ల నివాసమును ప్రమాణముగా పెట్టినవి. ఆ శబ్దము భాషను ప్రస్తావింపదు. 1953 తరువాత అదే ఫిర్యాదు ఆంధ్ర అను పేరునకు తగులుకొన్నది. 1955లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ సంఘము తెలంగాణమును కొంతకాలము హైదరాబాదు రాష్ట్రమను పేర వేరుగా ఉంచి, 1961 ప్రాంతపు ఎన్నికల పిమ్మట శాసనసభ మూడింట రెండువంతుల ఆధిక్యముతో కోరినచో కలుపవచ్చునని సూచించినది. 1956 ఫిబ్రవరిలో పెద్దమనుషుల ఒప్పందమునకై జరిగిన చర్చలలో తెలంగాణ ప్రతినిధులు కొత్తరాష్ట్రమునకు ఆంధ్ర-తెలంగాణ అను పేరు కోరినారు. చివరకు ఆంధ్రప్రదేశ్ అను పేరు నిలిచినది. భాషార్థములో ఆలోచించినవారికి ఈ పేరులో ఎవరును విడిచిపెట్టబడలేదు. 1953 నాటి ప్రదేశార్థములో విన్నవారికి తమ దేశము వేరొకరి పేరులో కలిసిపోయినది. ఇరువురును ఒకే శబ్దమును విన్నారు. రెండు సంకేతములతో విన్నారు.

1969 తెలంగాణ ఉద్యమము నాటికి ప్రదేశార్థమే రూఢమైనది. దానిని ఒక పక్షమువారే రూఢము చేసినారనుట న్యాయము కాదు. ముల్కీ నియమములు చెల్లునని 1972 అక్టోబరులో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పిన పిమ్మట కోస్తా రాయలసీమలలో లేచిన ఉద్యమము జై ఆంధ్ర అను నినాదము పెట్టుకొన్నది. అనగా ఆ ప్రాంతమువారును ఆంధ్రశబ్దమును తెలంగాణమును మినహాయించియే వాడినారు. 2009 నుండి 2014 వరకు సాగిన చర్చలో శబ్దము సంపూర్ణముగా రెండవ అర్థమునకు చెందినది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడినది. 1943లో నిజాంరాష్ట్రాంధ్ర సారస్వత పరిషత్తుగా పుట్టి, పిదప ఆంధ్ర సారస్వత పరిషత్తుగా పేరొందిన సంస్థ నేడు తెలంగాణ సారస్వత పరిషత్తు. భాష అదే, భవనము అదే, పాఠములు అవే. మూడు పేర్లును ఆయా కాలముల రూఢికి అనుగుణమైనవే.

ఈ సుదీర్ఘచర్చలో పండితులు చేసిన సహాయమేమి? ఐతరేయ వాక్యమును చూపి ఆంధ్రులు శాపగ్రస్తులని ఒక పక్షమునకు ఆయుధము ఇచ్చినవారు ఉన్నారు. తెలంగాణ శబ్దము తురుష్కుల నోట పుట్టినది కనుక దానికి గౌరవము లేదని రెండవ పక్షమునకు ఆయుధము ఇచ్చినవారును ఉన్నారు. రెండును ఒకే దోషము. రెండును రూఢిని త్రోసి మూలమును పట్టుకొన్నవి. ఐతరేయ కాలపు అర్థముతో ఆంధ్రుని తిట్టువాడు, ప్రవీణుని వీణ ఏదని అడుగువానితో సమానుడు. పారసీకవాసన కలదని తెలంగాణ శబ్దమును కాదనువాడు జిల్లా, వకీలు, ఫిర్యాదు, రాజీనామా అను మాటలను తన నోట రాకుండ ఆపగలడా?

పేర్ల వాదము పైపైది, అసలు తగవు నీళ్ళకు, ఉద్యోగములకు, నిధులకు సంబంధించినదని పూర్వపక్షము చేయవచ్చును. తగవు వానికి సంబంధించినదే యనుట సత్యము. కాని నీటిలో వాటా మనకు రావలె నన్నప్పుడు మన అను శబ్దములో ఎవరు చేరుదురో పేరు నిర్ణయించును. నిజాంసాగరము క్రింద మూడుతరములుగా వరి పండించు క్యాంపు రైతు మన అను మాటలో చేరునా, చేరడా? 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు స్థానికతకు పుట్టుకను, యాసను ప్రమాణముగా పెట్టలేదు. అర్హతాపరీక్షకు ముందు ఆ ప్రాంతపు విద్యాసంస్థలలో చదివిన వరుస సంవత్సరములను లెక్కించినది. ముల్కీ నియమము నివాసకాలమును లెక్కించినది. శాసనము సంవత్సరములను లెక్కించుచుండగా వీథి యాసను వినుచున్నది. యాసను విని ఇచ్చిన తీర్పునకు అప్పీలు లేదు.

యాస విషయములో ప్రాచ్యవిద్యాసంస్థల బాధ్యత మరింత దగ్గరిది. ఏ పాత్రకు ఏ భాష తగునో నాట్యశాస్త్రము నిర్ణయించినది. బర్బర, కిరాత, ఆంధ్ర, ద్రమిళాది జాతుల పాత్రలకు వారి సొంతభాషలను నాట్యములో వాడరాదని, శౌరసేని వంటివి వాడవలెనని భరతుని విధి. అనగా ఆంధ్రుడు రంగము మీదికి వచ్చును గాని ఆంధ్రుని భాష రాదు. ఇరువదవ శతాబ్ది తెలుగు చలనచిత్రములో చాలకాలము నాయకునకు కోస్తా మండలముల భాషయు, హాస్యగానికి దుష్టపాత్రకు తెలంగాణపు పలుకుబడియు ఇచ్చినారు. భరతుడు ఆంధ్రుల భాషకు చేసినదానినే ఆంధ్రభాషీయులు తమలో ఒక భాగమునకు చేసినారు. తెలంగాణపు తెలుగునకు తౌరక్యాంధ్రమని పేరు పెట్టి ఎత్తిపొడుచుటయు ఇట్టిదే. వినువారికి నవ్వు వచ్చినది. బడికి పోయిన పిల్లవానికి నోరు మెదలలేదు. 2014 నుండి కాళోజీ జన్మదినమైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషాదినముగా జరుపుట ఈ మౌనమునకు వచ్చిన సమాధానములలో ఒకటి.

దీనికి ప్రతిగా పతంజలి చూపిన మార్గమొకటి కలదు. మహాభాష్యము పస్పశాహ్నికములో గమనార్థమున కాంబోజులు ఒక ధాతువును, సురాష్ట్రులు ఒకదానిని, ప్రాచ్యమధ్యులు ఇంకొకదానిని వాడుదురని ఆయన ఉదాహరించినాడు. ఒకచోట వినబడని మాట వేరొకచోట వినబడునని, శబ్దప్రయోగ విషయము విశాలమని, వినకుండనే లేదనరాదని ఆయన బోధ. అదే గ్రంథములో దాక్షిణాత్యులు తద్ధితప్రియులని కాత్యాయనుని ప్రయోగమును గూర్చి అన్నాడు. ఆ ఒక్క మాటను ఆధారముగా చేసికొని కాత్యాయనుడు దాక్షిణాత్యుడని పండితలోకము నిశ్చయించినది. పరుల చిన్న వ్యాఖ్య నుండి ఒక మహాపురుషుని స్వదేశము నిర్ణయమైనదనుట ఆలోచింపదగినది. అయినను ఆ మాటలో పరిహాసము కలదనుకొన్నను, దక్షిణదేశపు వైయాకరణులెవ్వరు దానిని అవమానముగా గైకొనలేదు. మహాభాష్యమునకు వ్యాఖ్యానములు వ్రాసినారు, శిష్యులకు పాఠము చెప్పినారు. వారి విద్వత్త ఆ వ్యాఖ్యకు కావలసిన సమాధానము చెప్పినది.

రూఢియే ప్రమాణమైనచో తిట్టును కూడ అంగీకరింపవలెనా అను శంక మిగులును. అక్కరలేదు. ఎవరి రూఢి యనునది చూడవలెను. వస్తువు పేరునకు పలుకువారందరి వ్యవహారము ప్రమాణము. జనుల పేరునకు ఆ పేరు గలవారి వ్యవహారమునకు ప్రథమస్థానము. క్లింగ్ అను మాట కళింగము నుండి పుట్టినదని, మూలమున గౌరవవాచకమేయని చెప్పి మలయాదేశపు తెలుగువానిని ఓదార్చుట కుదరదు. అతడు నొచ్చుకొన్నచో ఆ మాట తిట్టే. అదేవిధముగా తనను తెలంగాణవాడనని చెప్పుకొనువానిని నీవు శాస్త్రరీత్యా ఆంధ్రుడవేనని బలవంతపెట్టుట పాండిత్యము కాదు. క్యాంపులో పుట్టి తాను ఇచ్చటివాడనని చెప్పుకొనువానిని తాత ఊరి పేరుతో పిలుచుటయు న్యాయము కాదు. ఈ రెండు వాక్యములను కలిపి అంగీకరింపగలిగినవాడే నిష్పక్షపాతి. ఒకదానిని గైకొని రెండవదానిని విడుచువాడు వాది.

ప్రాచ్య కళాశాలలు దీని యందు చేయదగిన పనులు కలవు. ఆంధ్ర, తెలుగు, తెనుగు, తెలంగాణ, త్రిలింగ శబ్దముల ప్రయోగములను శాసనముల నుండి నేటి పత్రికల వరకు కాలక్రమమున సేకరించి, ఏ కాలమున ఏ అర్థమో ప్రయోగముతో నిరూపించుట మొదటిది. ఇట్టి సంకలనము చేతనున్నచో ఒక శతాబ్ది అర్థమును వేరొక శతాబ్దిపై రుద్దుట కష్టమగును. బాన్సువాడ, వర్ని, మద్నూరు వంటి సంధిప్రదేశములలో జనులు తమను, పొరుగువారిని ఏ పేర్లతో పిలుచుకొందురో నమోదు చేయుట రెండవది. అచ్చట తెలుగు, మరాఠీ, కన్నడము, ఉర్దూ ఒకే ఇంటిలో కలియు కుటుంబములు కలవు. వారి మాటలు నిఘంటువులకు ఎక్కలేదు. ఉత్తరపత్రములో తెలంగాణ ప్రయోగము కనబడినచో ఎఱ్ఱసిరాతో గీత గీయుటకు ముందు అది వాడుకలో కలదో లేదో విచారించుట మూడవది. బాన్సువాడ అను పేరును సంస్కృత వంశశబ్దముతో ముడిపెట్టి వెదుళ్ళవాడయని చెప్పుట ఎంత సులభము! సులభముగా దొరకిన నిరుక్తిని ఆధారము లేనిదే వేదికపైకి పంపకుండుట నాల్గవది. ఇది అన్నిటికంటె కష్టమైన పని.

ఈ విచారము చేయు కళాశాలల పేరును కూడ ఒకమారు పరికింపవలెను. ప్రాచ్య కళాశాల యనగా తూర్పు విద్యల కళాశాల. ఎవరికి తూర్పు? ఐరోపా నుండి చూచినవారికి. పాణిని ప్రాచ్యులని పేర్కొన్నది తనకు తూర్పున నున్న దేశమువారిని. వారిలో మంజీరతీరపువారు లేరు. భాషాప్రవీణులు, శిరోమణులు, విద్వాంసులు తమ విద్యాలయములకు పరదేశీయుల దిక్కును బట్టి వచ్చిన పేరును చాలకాలముగా మోయుచున్నారు. ఆ పేరును వారు విడువలేదు. దానిలో వ్యాకరణము, తర్కము, మీమాంస, ప్రబంధము నింపినారు. నేడు తెలుగునాట ప్రాచ్యమన్న మాట వినగానే దిక్కు స్ఫురింపదు, విద్య స్ఫురించును. తమ పేరు విషయములో ఇంత ఔదార్యము చూపినవారు ఇతరుల పేర్ల విషయములోను చూపగలరు. నిజాంసాగరపు కాలువగట్టున నిలిచి తనది ఈ ఊరని చెప్పు మనుష్యుని మాటకు నిరుక్తి వెదకనక్కరలేదు. విని వ్రాసికొన్న చాలును.